ఏటికి మూడు హెచ్చరికలు, ఎండకు ఒక్కటీ లేదు

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది. లంక గ్రామాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చు. ఎగువన వానలు పడి గోదారికి ఎర్రనీరు తగిలిందంటే పాపికొండల లాంచీలు ఒడ్డునే ఉండిపోతాయి. టిక్కెట్టు కొన్నవాళ్లు గొణుక్కుంటారు, డబ్బు వెనక్కి అడుగుతారు, అయినా లాంచీ కదలదు. కదలకూడదు కూడా.

మరి మే నెలలో రాజమండ్రిలో పాదరసం 44 డిగ్రీలు దాటిన రోజున? ఆరోజు ఏ లాంచీ అయినా బయలుదేరొచ్చు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో మిట్టమధ్యాహ్నం ఇసుక తిన్నె మీద దిగొచ్చు. మర్నాడు కారు మాట్లాడుకుని గుంటుపల్లి బౌద్ధ గుహల మెట్లు పన్నెండు గంటలకు ఎక్కొచ్చు. ఎవరూ ఆపరు. ఎండ ఇంత ఉంటే ఈ వేళ వద్దు అని చెప్పే బోర్డు ఏ రేవులోనూ, ఏ శిథిలాల గేటు దగ్గరా కనబడదు.

నీటి విషయంలో ఈ క్రమశిక్షణ ఊరికే రాలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక లాంచీ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. లాంచీని పైకి తీయడానికే నెలకు పైగా పట్టింది. ఆ తర్వాతే కంట్రోల్ రూములు వచ్చాయి, లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కనివ్వని పట్టుదల వచ్చింది, పర్మిట్ల మీద తనిఖీలు పెరిగాయి. అంతమంది పోతే తప్ప కళ్లు తెరవలేదన్న బాధ గోదావరి జిల్లాల్లో ఇంకా పచ్చిగానే ఉంది. ఎండ విషయంలోనూ అలాంటి రోజు కోసం ఎదురుచూడడం క్షమించరానిది. పైగా ఎండ చంపడం లాంచీ మునిగినట్టు అందరి కళ్లముందూ జరగదు. కళ్లు తిరిగాయంటారు, నీరసమంటారు, కారు ఏసీలో పడుకోబెడతారు. రాత్రికి ఆసుపత్రిలో చేరితే అది వయసు ఖాతాలోనో బీపీ ఖాతాలోనో పడుతుంది, పర్యాటకం ఖాతాలో మాత్రం పడదు. 2015 మే చివరి రోజుల్లో వీచిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఈ గడ్డ మీద ఎండ ఏం చేయగలదో కొత్తగా నిరూపించాల్సిన పని లేదు.

పాపికొండల యాత్ర సంగతి తెలిసిందే. పొద్దున్న లాంచీ ఎక్కడం, పైడెక్కు మీద కుర్చీలు, టిఫిను, మైకులో పాటలు, గండిపోచమ్మ దర్శనం. కొండలు రెండు వైపులా దగ్గరకొచ్చి నది సన్నబడే చోటికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. పేరంటాలపల్లిలో దిగి రామకృష్ణ మునివాటానికి నడిచేది సరిగ్గా ఆ వేళకే. వేసవిలో నీరు వెనక్కి తగ్గితే రేవుకూ గట్టుకూ మధ్య ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకలో చెప్పులున్నా కాళ్లు దిగబడతాయి, దిగబడిన ప్రతి అడుగుకూ వేళ్ల సందుల్లోకి నిప్పులాంటి ఇసుక చేరుతుంది. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు పరిగెత్తలేరు, నిలబడలేరు. అయినా అక్కడ చెట్లున్నాయి, చల్లటి ఏటినీళ్లున్నాయి. ఎలాగో గట్టెక్కుతారు.

అసలు కష్టం శిథిలాల దగ్గర. గోదావరికి విహారానికి వచ్చే జనం ఇప్పుడు కొండలూ నీళ్లూ చూసి వెళ్లిపోవడం లేదు. దిండిలో హౌస్‌బోటు దిగినవాళ్లు కోనసీమ చూస్తారు, లాంచీ దిగి రాజమండ్రి చేరినవాళ్లు చుట్టుపక్కల ఏముందని వాకబు చేస్తారు. ఇది సంతోషించాల్సిన మార్పు. బిక్కవోలు పొలాల్లో తూర్పు చాళుక్యుల కాలపు గుళ్లు, ద్రాక్షారామంలో భీమేశ్వరాలయం, మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధస్తూపం, పాత పశ్చిమగోదావరిలో ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చిన గుంటుపల్లి గుహలు. రెండు వేల ఏళ్ల చరిత్ర ఒకటి రెండు రోజుల్లో తిరిగిరాగల దూరంలో ఉంది. కానీ ఈ ప్రయాణాల్లో నదికి దక్కేది చల్లటి ఉదయం, చరిత్రకు మిగిలేది మండే మధ్యాహ్నం. లాంచీ యాత్రకు పొద్దున్న పూట, గుళ్లకు దర్శనం వేళ, భోజనానికి ఒంటిగంట అని ముందే ఖాయమైపోతాయి. ఆ మధ్యలో దొరికిన ఖాళీలో శిథిలాల్ని ఇరికిస్తారు.

గుంటుపల్లి ఎంత గొప్ప చోటో చెప్పుకోవాలి. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం ఊరి పక్క కొండలోయ చుట్టూ, ఇసుకరాతిలో తొలిచిన విహారాలు గుర్రపునాడా ఆకారంలో వరుసగా ఉంటాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ భిక్షువులు ఉన్నారు. మహామేఘవాహన వంశపు సిరిసద అనే కళింగరాజు పేరుతో ఇక్కడ శాసనం దొరికింది. కొండపైన ఇటుక చైత్యం పునాదులు, రాతి స్తూపం, భక్తులు మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన చిన్న చిన్న స్తూపాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం గుండ్రంగా తొలిచిన చైత్యగుహ. లోపల నడుమ స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి సన్నటి దారి. తలెత్తి చూస్తే కప్పు మీద రాతిలోనే చెక్కిన వాసాలు నడిమి నుంచి అంచులకు దిగుతుంటాయి. కోస్తాలో తుపాన్లకు తట్టుకునేలా తాటాకుతో కట్టుకునే చుట్టిల్లు లోపలినుంచి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరస్వామిగా కొలుస్తారు. బీహార్‌లో గయకు దగ్గరి బరాబర్ కొండల్లో ఉన్న మౌర్యుల నాటి గుహలతో పండితులు దీన్ని పోలుస్తారు.

ఆ గుహలోకి అడుగుపెట్టగానే ఒంటికి తెలిసేది చల్లదనం. బయట రాయి పెనంలా కాలుతున్నా లోపల చెమట ఆరిపోతుంది. కొండ దళసరి గోడ పగటి వేడిని లోపలికి రానివ్వదు, గుమ్మం చిన్నది కాబట్టి వడగాలి దూరదు. కట్టినవాళ్లకు ఈ ఎండ సంగతి మనకన్నా బాగా తెలుసు. నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని విహారాలు తొలిచారు. మనం మాత్రం ఆ నీడకు చేరాల్సిన మెట్లను అగ్గి కురిసే వేళ ఎక్కిస్తున్నాం. పైన స్తూపాల తిన్నె మీద నిలబడితే గొడుగు తప్ప నీడ లేదు. పది నిమిషాలు కూడా నిలవలేక జనం ఫొటో తీసుకుని దిగిపోతారు. రెండు వేల ఏళ్లనాటి చోటుకు వచ్చి పది నిమిషాల్లో దిగిపోయినవాళ్లు ఇంటికెళ్లి ఏం చెబుతారు? రాళ్లు తప్ప ఏమీ లేవు, అనవసరంగా వెళ్లాం అంటారు. గుంటుపల్లికి ఇంతకన్నా అన్యాయం లేదు.

ఆదుర్రు కథ వేరు. చుట్టూ కొబ్బరితోటలు, పక్కనే వైనతేయ పాయ. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళుతూ ఇక్కడ ఆగి స్తూపానికి శంకుస్థాపన చేసిందని స్థానికుల నమ్మకం. దుబరాజు గుడి అని ఊళ్లో పిలుస్తారు. చక్రం ఆకారంలో పేర్చిన ఇటుకల మట్టం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. తోటల మధ్య ఉంది కదా చల్లగా ఉంటుందనుకుంటారు. స్తూపం మీద మాత్రం చెట్టు లేదు, ఉండకూడదు కూడా, వేళ్లు ఇటుకల్ని చీలుస్తాయి. కాల్చిన ఇటుక పొద్దుటినుంచి తాగిన ఎండను మధ్యాహ్నానికి తిరిగి కక్కుతుంది. కోనసీమ గాలిలోని తేమ దానికి తోడు. మెట్ట ప్రాంతపు ఎండలో చెమట పట్టి ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. డెల్టాలో చెమట కారుతుందే కానీ ఆరదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. వాతావరణ శాఖ వడగాలి కొలతల్లో మైదానాలకు 40 డిగ్రీలు పెట్టి, తీరప్రాంతానికి 37 డిగ్రీల దగ్గరే గీత గీసింది. ఆ రెండు అంకెలకూ మధ్య తేడా కోనసీమకు వచ్చే హైదరాబాదు కుటుంబాలకు చాలామందికి తెలియదు. మా ఊళ్లో 42 ఉంది, ఇక్కడ 38యే కదా అని ధీమాగా బయలుదేరతారు.

ఇందులో ఆడవాళ్ల ఇబ్బంది ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మరుగుదొడ్డి ఉండదన్న భయంతో వాళ్లు పొద్దుటినుంచీ మంచినీళ్లు తాగడం మానేస్తారు. లాంచీలో ఉన్న ఒక్క మరుగుదొడ్డికి వరుస, దిగాక ఎక్కడుంటుందో తెలియదు, శిథిలాల దగ్గర ఉన్నా తాళం వేసి ఉండొచ్చు. గొంతు ఎండుతున్నా సీసా మూత తీయరు. బీపీకి నీరు లాగే మాత్రలు వేసుకునే పెద్దావిడ అలా గడిపితే సాయంత్రానికి ఏమవుతుందో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. ఎండకు నీళ్లు తాగండి అని పోస్టరు అంటించడం తేలిక. తాగిన నీళ్లకు దారి చూపించకుండా ఆ పోస్టరు వల్ల ప్రయోజనం లేదు.

ఎండలో రాతి మీద జనాన్ని నడిపించే విద్య మనవాళ్లకు తెలియనిదేమీ కాదు. గుళ్లలో చూడండి. వేసవి వచ్చేసరికి ప్రాకారం రాళ్ల మీద చలువ సున్నం పూస్తారు, కొబ్బరిపీచు పట్టాలు పరుస్తారు, గంట గంటకూ నీళ్లు చల్లుతారు, చలువ పందిళ్లు వేస్తారు. ఊరి కూడలిలో చలివేంద్రం పెట్టి కుండ మీద తడిగుడ్డ కప్పి, దారినపోయేవాడికి మజ్జిగ పోస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలిసిన జాతి ఇది. ఇంత తెలిసినవాళ్లం బౌద్ధస్తూపం దగ్గరికి వచ్చేసరికి అన్నీ మరిచిపోతాం. పూజ లేని చోటు కాబట్టి పట్టించుకునేవారు లేరు. రక్షిత కట్టడం మీద సున్నం పూయలేం, మేకు కొట్టలేం, నిజమే. కానీ గేటు బయట తాటాకు పందిరి వేయడానికి, కుండల్లో మంచినీళ్లు పెట్టడానికి ఏ చట్టం అడ్డొస్తుంది?

బయటి దేశాలు ఈ పాఠం ముందే నేర్చుకున్నాయి. 2023 జులైలో ఏథెన్స్‌లో వడగాలులు వీచినప్పుడు గ్రీసు ప్రభుత్వం అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం వేళల్లో మూసేసింది. ఓడల్లో వచ్చి ఒక్కరోజే ఉండే వేలమంది విదేశీయులు నిరాశపడతారని తెలిసే మూసింది. 2024 జూన్‌లోనూ అదే చేసింది. నైలు నది మీద లగ్జోర్‌కు పడవల్లో వచ్చేవాళ్లను రాజుల లోయకు తెల్లవారుజామునే తీసుకెళతారు, అక్కడి గేట్లు ఆరింటికే తెరుస్తారు. అంగ్‌కోర్ వాట్‌కు జనం చీకటి ఉండగానే చేరతారు. పర్యాటకం మీద బతికే దేశాలవి, గిరాకీ పోగొట్టుకోవాలని ఈ పని చేయలేదు.

లాంచీలో శిథిలాల దగ్గరికి వెళ్లే అనుభవం తెలుగువాళ్లకు నాగార్జునకొండ దగ్గర ముందునుంచే ఉంది. 1926లో అక్కడ వెలుగు చూసిన ఇక్ష్వాకుల విజయపురి నాగార్జునసాగర్ డ్యాం నీటిలో మునిగిపోబోతోందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండపైనా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. నీళ్లు చేరాక ద్వీపమైన ఆ కొండ మీద మ్యూజియం 1966లో తెరిచారు. ఎండ నుంచి తప్పుకుని లోపలికి వెళితే శిల్పాలన్నీ నీడలో, తీరిగ్గా చూసుకునేలా ఉంటాయి. బయట శిథిలం, పక్కనే నీడపట్టున మ్యూజియం అన్న ఈ జోడీయే గోదావరి తీరానికీ పనికొచ్చే పద్ధతి.

రాజమండ్రిలో ఆ జోడీకి కావలసిన సరంజామా ఇప్పటికే ఉంది. గోదావరి గట్టు మీద రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1852 నాటికి ఆనకట్ట ఎలా లేచిందో, కాలవలు డెల్టాను ఎలా మార్చాయో అక్కడ చూడొచ్చు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా పర్యాటకుల్ని కూర్చోబెట్టాల్సింది ఇలాంటి చోట్ల. శిథిలాల్ని పొద్దుటిపూటకు జరపాలి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంచడం కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో చాలావాటికి పాత అలవాటే. కాబట్టి ఆరింటికి గుంటుపల్లి మెట్లెక్కి తొమ్మిదిలోపు దిగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కావలసిందల్లా యాత్రల వేళలు రాసేవాళ్లు ఆ మెట్లను ఒకసారి మే నెల మధ్యాహ్నం ఎక్కి చూడడం.

రెండు అభ్యంతరాలు వినబడతాయి. వేసవిలో రావడం ఎందుకు, కార్తీకమాసంలో రావచ్చు కదా అన్నది మొదటిది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలమే, అందులో సందేహం లేదు. కానీ పిల్లలకు బడి సెలవులు వచ్చేది వేసవిలో. నెల జీతం మీద బతికే కుటుంబానికి అందరూ కలిసి కదలగలిగే రోజులు అవే. వాళ్లను రావద్దనడం కన్నా వచ్చినవాళ్లను క్షేమంగా తిప్పి పంపడం న్యాయం. రెండోది లాంచీ యజమానుల మాట: ఎండ ముదరకముందే తిరిగి రావాలని లాంచీ తెల్లవారుజామున ఐదింటికి తీస్తే ఎవరొస్తారు, డీజిల్ ఖర్చు ఎవరిస్తారు అని. వాళ్ల కష్టం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వరదల్లో నెలల తరబడి ఖాళీగా కూర్చునేవాళ్లు వేసవి గిరాకీ మీదే ఏడాది నెట్టుకొస్తారు. అందుకే ఈ మార్పు వాళ్ల నెత్తిన పడేయకుండా, తెల్లవారి బయలుదేరే లాంచీకి పర్మిట్ ఫీజులో రాయితీ ఇచ్చి పర్యాటక శాఖే ముందు నిలబడాలి.

హెచ్చరిక జారీ చేయడానికి కావలసిన సమాచారమూ చేతిలోనే ఉంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏ మండలంలో వడగాలులు, ఏ మండలంలో తీవ్ర వడగాలులు అన్నది ముందురోజే ప్రకటిస్తోంది. ఆ జాబితా పత్రికల్లో వస్తుంది, ఫోన్లకు వస్తుంది, లాంచీల కంట్రోల్ రూముకు మాత్రం అదొక ఆదేశంగా చేరదు. చేరాలి. వడగాలి హెచ్చరిక ఉన్న మండలంలో పదకొండు తర్వాత ఇసుక మీద దించకూడదు, గైడు లేకుండా మెట్లెక్కనివ్వకూడదు. తీవ్ర వడగాలి ఉంటే శిథిలాల గేటు మధ్యాహ్నం మూసెయ్యాలి. లైఫ్ జాకెట్ లెక్కచూసే మనిషే ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఐసు పెట్టె, తడిపి కప్పడానికి తుండుగుడ్డలు ఉన్నాయో లేదో చూడాలి. వడదెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలన్న సంగతి సరంగు నుంచి వంటమనిషి దాకా అందరికీ నేర్పాలి. ఏటి మధ్యలో అంబులెన్సు రాదు.

గేటు దగ్గర రోజంతా కూర్చునే కాపలాదారుని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. పర్యాటకుడు ఒక గంట ఎండలో ఉంటాడు, ఆయన ఎనిమిది గంటలుంటాడు. బయట ముంజలు కొట్టి ఇచ్చే ఆమెకూ, కొబ్బరిబొండాల బండివాడికీ నీడ లేదు. వాళ్లు నీడలో ఉంటే వచ్చినవాళ్లూ ఆ నీడలోనే కాసేపు ఆగుతారు, ఇక్కడేముందని వాళ్లనే అడుగుతారు. ఆదుర్రు గురించి ఊరివాళ్లు చెప్పగలిగినంత ఏ బోర్డూ చెప్పలేదు.

గోదావరి పుష్కరాలు 2027 జూన్ నెలాఖరున మొదలవుతాయి. రోహిణి వెళ్లినా అప్పటికి ఎండ పూర్తిగా చల్లారదు, వానలు ఆలస్యమైతే మరీ. రాజమండ్రిలో అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. పుష్కర ఘాట్, పాత హేవలాక్ వంతెన, కడియం నర్సరీలు అందులో ఉన్నాయి. మునక వేసి తిరిగి వెళ్లేవాళ్లలో కొందరైనా ద్రాక్షారామానికో, ఆదుర్రుకో, గుంటుపల్లికో దారి పడతారు. ఆ ఏర్పాట్ల పద్దుల్లోనే ఈ చోట్లకు తాటాకు పందిళ్లు, చలివేంద్రాలు, తాళం వేయని మరుగుదొడ్లు, ఆరింటికి గేటు తీసే సిబ్బంది జీతాలు చేర్చాలి. వచ్చే వేసవిలోనే ఒక్క గుంటుపల్లిలో ఈ పద్ధతి పెట్టి చూస్తే, లోపాలు సరిదిద్దుకోవడానికి పుష్కరాల లోపు వ్యవధి ఉంటుంది. ఏలూరు, కోనసీమ, తూర్పుగోదావరి కలెక్టర్లు, పురావస్తు శాఖ, పర్యాటక శాఖ ఒక్కచోట కూర్చుంటే ఆ వేళల పట్టిక ఒక్క పూటలో తయారవుతుంది.